చివరికి దాచుకున్న నంబరు

ఆసుపత్రిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేది జీతాల గదిలో గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన కుశలం గారు. లిఫ్టు నడిపే మనిషికీ, క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడకీ, చివరికి పరిశోధన నడిపే పెద్ద డాక్టరమ్మకీ కూడా కుశలం గారే. చేసే పని అలాంటిది మరి. కాలేయానికి క్యాన్సర్ వచ్చి, ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లకి ఆర్నెల్లకోసారి ఫోన్ చేయాలి. మనిషి ఉన్నాడా లేడా, ఉంటే జబ్బు తిరగబెట్టిందా, లేకపోతే ఎప్పుడు పోయాడు, ఇవన్నీ కనుక్కుని కంప్యూటర్లో ఎక్కించాలి. చెప్పుకుంటే మూడు ముక్కల ఉద్యోగం. చేసినవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి.

ఆయన గది మూడో అంతస్తులో ల్యాబుకీ మెట్లకీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఒకప్పుడు అక్కడ చీపుళ్లూ బకెట్లూ పెట్టేవారు, తర్వాత కుశలం గారిని పెట్టారు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఒక ఫోను, ఒక కుర్చీ. కుర్చీ మాత్రం ఎప్పటికీ కొత్తదే, ఎందుకంటే ఆయన అందులో కూర్చోరు. ఫోన్ తీగ ఎంత సాగితే అంత మేర, కాలు గాలిన పిల్లిలా తిరుగుతూ మాట్లాడతారు. తీగ మెలికలు పడి జానెడైపోయినప్పుడల్లా మరమ్మతు మనిషి వచ్చి విప్పుతూ, "మీరు మాట్లాడుతున్నారా, తాడు పేనుతున్నారా సార్?" అని అడిగేవాడు. కుశలం గారు నవ్వేవారు గానీ కాళ్లు మాత్రం ఆగేవి కావు.

ఇంట్లోనూ అదే వరస. భార్య వంటగదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినకపోతే, "ఏమైంది?" అని అక్కడికి వెళ్లి నిలబడేవారు. "ఏమీ కాలేదండీ, గిన్నె పట్టుకుని ఆలోచిస్తున్నాను, అది కూడా తప్పేనా?" అనేది ఆవిడ. ఊరికి అటు చివర ఉద్యోగం చేసే కూతురికి సాయంత్రం ఫోన్ చేస్తే, ఆ పిల్ల హలో కూడా అనకుండా, "ఉన్నాను నాన్నా, తిన్నాను నాన్నా, గొడుగు తెచ్చుకున్నాను నాన్నా," అని గడగడా అప్పజెప్పేసేది. ఆయనకి ఆ వెక్కిరింత కూడా తియ్యగానే ఉండేది. ఉన్నాను అని ఒక మనిషి తన నోటితో తాను చెప్పుకోవడం ఎంత పెద్ద మాటో ఆయనకి తెలిసినంతగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఈ ఉద్యోగానికి ముందు ఆయన నీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీలో ఫోన్లు చేసేవారు. అవతలివాళ్లు వద్దంటే, "మంచి పని చేస్తున్నారండీ, మీ నీళ్లు బాగానే ఉన్నట్టున్నాయి," అనేసేవారట. అలాంటివాణ్ణి ఏ కంపెనీ ఉంచుకుంటుంది? ఇక్కడ డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: "జనం మీ మొహాన ఫోన్ పెట్టేస్తే తట్టుకోగలరా?" ఈయన, "అలవాటేనండీ," అన్నారు. ఉద్యోగం ఖాయమైంది.

అయితే మొదటి వారంలోనే తల ప్రాణం తోకకొచ్చింది. కాగితం మీద అచ్చేసి ఇచ్చిన ప్రశ్నని ఉన్నదున్నట్టు చదివారు పాపం: "పేషెంటు జీవించి ఉన్నారా?" అవతల ఒక కూతురు ఒంటికాలి మీద లేచింది. "ఎందుకుండరండీ? ఏం, మీకు తొందరగా ఉందా?" అని అరిచి, అరిచి, చివరికి గొంతు తగ్గించి, "పక్క మంచం మీదే ఉన్నారు నాన్న. విన్నారు," అంది. కుశలం గారికి ఆ పూట అన్నం సహించలేదు. ఆ రోజుతో ఆయన ఆ ప్రశ్నకి నీళ్లొదిలేశారు. దానితోపాటు ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు: ఎట్టి పరిస్థితుల్లోనూ జబ్బు మనిషిని ఫోన్ దగ్గరికి పిలవకూడదు. మంచం మీదున్నవాణ్ణి లేపి, నువ్వున్నావా అని అడిగే హక్కు ఎవరికుంది?

మరి ఎలా కనుక్కునేవారు? తిండి గురించి అడిగేవారు. "నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి. ఇంట్లో ఏం తింటున్నారు, నిద్ర పడుతోందా?" ఇంతే. అవతల మనిషి ఉన్నట్టయితే చిట్టా విప్పుతారు. ఉప్పు లేదని కంచం తోసేశాడు, మందులు దిండు కింద దాచాడు, కోడలితో గొడవ పెట్టుకున్నాడు, టీవీ చప్పుడు తగ్గించనివ్వడు, మాకు పిచ్చెక్కిపోతోంది. మనిషి పోయాడనుకోండి, కాసేపు చప్పుడు ఉండదు. తర్వాత, "బంగారంలాంటి మనిషండీ, ఒక్కనాడు ఇది కావాలని అడగలేదు," అంటారు. కొన్నాళ్లకి కుశలం గారు ఒక సిద్ధాంతం కట్టేసుకున్నారు. ఫిర్యాదులుంటే మనిషి ఉన్నట్టు. పొగడ్తలు మొదలైతే తారీఖు రాసుకోవడమే. ఎన్నిసార్లు పరీక్షించి చూసినా అది తప్పలేదు. ఒకే ఒక్క చోట మాత్రం ఆయనే కళ్లు మూసుకున్నారు.

ఆ పరిశోధన దేని గురించో ఆయనకి మొదట్లో బోధపడలేదు. ఒకసారి టీ తాగుతూ డాక్టరమ్మే విడమరిచి చెప్పింది.

"మన ఒంట్లో పుట్టుకతోనే వచ్చే కాపలా ఒకటుంటుంది కుశలం గారూ. ఫలానా క్రిమి అని ముందే తెలియక్కర్లేదు, పరాయిది ఏదొచ్చినా పసిగట్టేస్తుంది. ఆ పసిగట్టేవే రిసెప్టర్లు, కణాల్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కాలేయానికి పేగుల నుంచి రక్తం నేరుగా వస్తుంది కదా, దాంతోపాటు అడ్డమైన చెత్తా వస్తుంది. అందుకని అక్కడ కాపలా ఎప్పుడూ మెలకువగానే ఉండాలి."

"మంచిదే కదండీ."

"మంచిదే. కానీ దొంగ వచ్చినా రాకపోయినా కాపలావాడు పొద్దస్తమానం కేకలేస్తూనే ఉన్నాడనుకోండి, ఇంట్లోవాళ్ల గతేంటి? లోపల వాపు, వాపు మీద వాపు. ఆ గొడవలోనే గడ్డ బలుస్తోందేమోనని మా అనుమానం. కోసి తీసిన గడ్డల్లో ఒక రకం రిసెప్టర్ ఎక్కువున్నవాళ్లు ఒక గుంపు, తక్కువున్నవాళ్లు ఒక గుంపు. ఏ గుంపు ఎన్నాళ్లుందో తేల్చేది మీ ఫోనే."

"ఎవరు ఏ గుంపండీ?"

"అది మాత్రం మీకు చెప్పం. తెలిస్తే మీ గొంతు మారిపోతుంది," అంది డాక్టరమ్మ.

ఆ మాట నిజమేనని కుశలం గారు ఒప్పుకున్నారు. ఆయన గొంతు అలాంటిదే, లోపల ఏముంటే అది పైకి తెలిసిపోతుంది.

ఇక ఆ ఒక్క చోటు సంగతి. అది సూట్‌కేసులూ బ్యాగులూ బాగుచేసే దుకాణం. ఇద్దరు అన్నదమ్ములు నడిపేవారు, జబ్బు పెద్దవాడిది. ఫోన్ ఎప్పుడు చేసినా తమ్ముడే ఎత్తేవాడు. వెనకాల సుత్తి చప్పుళ్లూ, డబ్బాలో ఏవో గలగలా పోసిన చప్పుళ్లూ వినిపించేవి.

"అన్నయ్యగారు ఎలా ఉన్నారండీ? తింటున్నారా?"

"భలే తింటున్నాడు సార్. మీ దయవల్ల రాయిలా ఉన్నాడు."

"నిద్ర?"

"పడుకుంటే లేపాల్సిందే సార్."

ఏ ఏటికాయేడు ఇదే జవాబు. కంచం తోసేయడం లేదు, మందులు దాచడం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఇంకో ఇంటివాళ్లు ఇలా చెబితే కుశలం గారి చెవి నిక్కబొడుచుకునేది. కానీ ఇక్కడ ఆయనకి అనుమానం రాలేదు. రానివ్వలేదు అనడం న్యాయం. ఎందుకంటే వాళ్ల వంతు వచ్చిన నెలలో, రోజంతా పొగడ్తలే విని, తారీఖుల మీద తారీఖులు ఎక్కించి, మనసంతా చేదెక్కిపోయిన రోజున ఆయన ఆ దుకాణం నంబరుని ఆఖరికి దాచుకునేవారు. అందరితో అయ్యాక అది నొక్కేవారు. భలే తింటున్నాడు సార్ అనే మాట చెవిన పడితే గానీ ఆయన చొక్కా జేబులో కలం పెట్టుకుని మెట్లు దిగేవారు కారు. ఇంటికెళ్లి భార్యతో, "ఒక్కడున్నాడు చూడు, గట్టి మనిషి," అని చెప్పుకునేవారు కూడా. ఆవిడ ఆ గట్టి మనిషిని ఎన్నడూ చూడకపోయినా, "మీ గట్టి మనిషి ఎలా ఉన్నాడు?" అని అడిగేది.

పరిశోధన ముగింపుకి వచ్చింది. ఒక పొద్దున డాక్టరమ్మ ఆయన్ని తన గదికి పిలిచి కంప్యూటర్ తెర చూపించింది. తెర మీద రెండు గీతలున్నాయి. రెండూ ఎడమ పక్కన పైన మొదలై, మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి. ఒకటి నిదానంగా దిగుతోంది, రెండోది తొందరపడి దిగుతోంది.

"ఒక్కో మెట్టూ ఒక్కో మనిషి. మెట్టు దిగిందంటే ఒకరు పోయినట్టు. ఈ తొందరపడే గీత ఉంది చూశారూ, రిసెప్టర్ ఎక్కువున్న గుంపు. ఇక దాపరికం లేదు లెండి, లెక్కలు తెరిచేశాం."

కుశలం గారు గీతని చూస్తూ ఉండిపోయారు. ఆ మెట్లన్నీ ఆయన ఎక్కించినవే. ఒక్కోదాని వెనకా ఒక గొంతుంది. ఒక మెట్టు దగ్గర ఒక పెద్దాయన ఏడవడం మొదలుపెట్టి, క్షమించమని అడిగి, మళ్లీ ఏడ్చాడు. ఇంకో మెట్టు దగ్గర ఎవరో ఫోన్ ఎత్తి ఏమీ మాట్లాడకుండా బల్ల మీద పెట్టేశారు. చివర్లో మాత్రం ఆ తొందరపడే గీత నేలకి కాస్త పైన ఆగి, అడ్డంగా అలాగే సాగిపోయింది.

"ఇక్కడ ఆగిందేంటండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను," అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్క మనిషి. ఆ గుంపులో అందరికన్నా ఎక్కువ రిసెప్టర్ ఆయన గడ్డలోనే ఉంది. లెక్క ప్రకారం అందరికన్నా ముందు పోవాలి. ఆయన మాత్రం పోలేదు! ఆయన ఒంట్లో ఏదో ఉంది, ఆ కాపలావాడి నోరు మూయించేది ఏదో. అదేంటో తెలిస్తే రేపు ఇదే మంచాల మీద పడుకునేవాళ్లకి ఎంత ఆసరా! కొంచెం రక్తం ఇస్తే చాలు. ఆయన్ని ఒప్పించి తీసుకురండి. మీ గొంతంటే వాళ్లకి గురి."

నంబరు చూడగానే కుశలం గారి గుండె గంతులేసింది. సూట్‌కేసుల దుకాణం! గట్టి మనిషి! తను ఊరికే ఇష్టపడలేదు, వైద్యశాస్త్రమే ఇప్పుడు ఆయన కోసం చేతులు చాస్తోంది. పెళ్లివారి కబురు మోసుకెళ్తున్నవాడిలా గదికి పరిగెత్తి ఫోన్ అందుకున్నారు.

తమ్ముడు నీళ్లు నమిలాడు. అన్నయ్య ఊళ్లో లేడన్నాడు. ఇంకోసారి చేస్తే పని మీద ఉన్నాడన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. కుశలం గారికి కాళ్లు నిలవలేదు. రక్తం ఇవ్వడానికి భయపడుతున్నాడేమో, ఎదురుగా కూర్చుని చెబితే వింటాడేమో అనుకున్నారు. డాక్టరమ్మ దగ్గర చిరునామా తీసుకుని బస్సెక్కారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఫోన్ అవతలి మనుషుల్ని కళ్లారా చూడడానికి వెళ్లడం అదే మొదటిసారి.

బస్సు డిపో వెనక సందులో, తాళాలు బాగుచేసేవాడికీ అద్దాలు కోసేవాడికీ మధ్యన ఉంది దుకాణం. గుమ్మానికి బ్యాగులు వేలాడుతున్నాయి. లోపల జిగురు వాసన, రబ్బరు వాసన. సూట్‌కేసుల చక్రాలని సైజుల వారీగా ఏరి రేకు డబ్బాల్లో వేస్తూ ఒక ముసలావిడ ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. ఇన్నాళ్లూ ఫోన్లో విన్న గలగల అదే. గల్లాబల్ల మీద ఫోన్ ఉంది, దాని నడుముకి టేపు చుట్టి ఉంది.

"అమ్మా, నమస్కారం. ఆసుపత్రి నుంచి వచ్చాను."

ముసలావిడ చక్రం చేతిలోనే పట్టుకుని తలెత్తింది. "ఈ గొంతు నాకు తెలుసు. నువ్వేనా బాబూ, మా పెద్దాడి గురించి అడిగేది? ఈ ఫోన్లో చెవికి పెట్టుకునే భాగం పాడై ఎన్నేళ్లయిందో, ఎవరు మాట్లాడినా కొట్టంతా వినపడాల్సిందే. నీ మాట వచ్చిందంటే నేను చక్రాలు ఏరడం ఆపేస్తాను."

కుశలం గారి ముఖం విప్పారింది. "ఆయన్నే చూద్దామని వచ్చానమ్మా."

"ఇక్కడెక్కడున్నాడు? వేరే ఊళ్లో బ్యాగుల కంపెనీలో చేరాడుగా. వాడికి నా మీద కోపం బాబూ. నాకు చెప్పకుండా వెళ్లి కడుపు కోయించుకుని వచ్చాడు. చొక్కా మార్చుకుంటుంటే కట్టు కనపడితే అప్పుడు తెలిసింది. కన్నతల్లికి చెప్పాలా వద్దా? ఒళ్లు మండి, నిజం చెప్పడం వచ్చాకే నా మొహం చూడు పో అన్నాను. అనేశాను, నా నోరలాంటిది. కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు, తర్వాత వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఒక్క ఫోన్ చేశాడా? అంత పంతం వాడికి." ఆవిడ చక్రాన్ని డబ్బాలో వేసింది. "పోనీలే, ఎక్కడో ఒకచోట బాగున్నాడు. మీరు అడుగుతున్నారంటే ఉన్నట్టే కదా. పరీక్షలకి మీ దగ్గరికి వస్తే చెప్పు బాబూ, అమ్మకి కోపం లేదు, ఎప్పుడో పోయిందని."

"తప్పకుండా చెబుతానమ్మా," అన్నారు కుశలం గారు, మనస్ఫూర్తిగా.

అప్పుడే తమ్ముడు లోపలి నుంచి వచ్చాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి మెళ్లో ఆసుపత్రి బిళ్ల చూడగానే వాడి ముఖాన నెత్తురు చుక్క లేదు. "రండి సార్, లోపల మాట్లాడుకుందాం," అని కుశలం గారి మోచెయ్యి పట్టుకుని దాదాపు లాక్కెళ్లాడు. వెనక గదిలో పైకప్పు దాకా పాత సూట్‌కేసులు పేర్చి ఉన్నాయి. వాడు తలుపు దగ్గరగా వేశాడు.

"అన్నయ్య లేడు సార్."

"ఏ ఊళ్లో ఉన్నారో చెప్పు బాబూ, నేనే వెళ్తాను."

"లేడు సార్. పోయాడు. రెండో ఏడే పోయాడు."

కుశలం గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి చాచి ఒక సూట్‌కేసు పట్టుకున్నారు.

తమ్ముడు గుసగుసగానే చెప్పుకుపోయాడు. జబ్బు తిరగబెట్టిందనీ, అన్నయ్య ఇక్కడికి మళ్లీ రానని వేరే ఊళ్లో ఆసుపత్రికి వెళ్లాడనీ, అక్కడే అయిపోయిందనీ. "సరిగ్గా అప్పుడే అమ్మకి గుండెపోటు వచ్చింది. మంచం మీదుంది. ఏ కబురూ చెవిన వేయకూడదు, తట్టుకోలేదు అన్నారు డాక్టర్లు. కోలుకున్నాక చెబుదామనుకున్నాను. కోలుకుంది. చెబితే మళ్లీ పడిపోతుందేమోనని ఇంకొన్నాళ్లు ఆగాను. ఆ ఆగడంలో ఉండగానే మీ ఫోన్ వచ్చింది. అమ్మ పక్కనే ఉంది. స్పీకర్లో మీరు, అన్నయ్యగారు ఎలా ఉన్నారు, తింటున్నారా అన్నారు. ఏమనమంటారు సార్? భలే తింటున్నాడు అన్నాను. ఫోన్ పెట్టేశాక అమ్మ ఏడ్చింది, సంతోషంతో. అప్పటిదాకా అమ్మకి లోలోపల అనుమానంగానే ఉంది. ఆసుపత్రివాళ్లే అడుగుతున్నారు కదా అని ఆ రోజు కుదుటపడింది."

మీరు అడుగుతున్నారంటే ఉన్నట్టే కదా. ముసలావిడ మాట ఇప్పుడు కుశలం గారికి మళ్లీ వినపడింది. లేని మనిషిని ఇన్నేళ్లు బతికించింది వీడొక్కడే కాదు. తనూ ఒక చెయ్యి వేశాడు. తనకి కావలసిన మాట వీడు చెప్పాడు, ఆవిడకి కావలసిన మాట తను అడిగాడు.

"పోయేటప్పుడు ఆయన..." అని ఆగిపోయారు.

"అమ్మని పిలవమన్నాడు సార్. అమ్మ మంచాన పడిందని నేను చెప్పలేదు. బయల్దేరింది, వస్తోంది అన్నాను." తమ్ముడు గోడవైపు తిరిగాడు. "అన్నయ్యకీ అబద్ధమే చెప్పాను."

వాణ్ణి కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో కుశలం గారికి తెలియలేదు. ఇల్లు కాపాడదామని కాపలా కూర్చున్నాడు, ఎప్పుడు లేవాలో తెలియక ఇంటినే తినేస్తున్నాడు. "మీ అమ్మ ఏమనుకుంటోందో తెలుసా నీకు? కొడుకు అలిగి ముఖం చాటేశాడనుకుంటోంది. అది తట్టుకోగలదా ఆవిడ?" అన్నారు.

"కోపమైతే ఎప్పటికైనా పోతుంది కదా సార్. ఫోన్ మాత్రం మానకండి. ఆర్నెల్లకోసారి, ఒక్క నిమిషం. మీకు దణ్ణం పెడతాను."

"లేని మనిషిని అడగడం నా వల్ల కాదు బాబూ. ఇన్నాళ్లూ తెలియక అడిగాను. నువ్వే చెప్పు ఆవిడకి. నువ్వే చెప్పాలి."

బయటికొస్తుంటే ముసలావిడ, "చెబుతావుగా బాబూ?" అంది. కుశలం గారు తల ఊపారు. ఫోన్లో ఎన్నడూ అబద్ధమాడని మనిషి, ఎదురుగా నిలబడి తలతో అబద్ధమాడారు. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా దిగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు.

డాక్టరమ్మ అంతా వింది. తర్వాత ఆయన ఎదుటే తారీఖు ఎక్కించింది. తెర మీద గీత వణికినట్టయి, అడ్డంగా సాగిన ముక్క మాయమై, నిట్టనిలువునా దిగి నేలకి తాకింది.

"మా అనుమానం ఇప్పుడు ఇంకా బలంగా రుజువైంది, తెలుసా?" అందావిడ. "ఒక్క మినహాయింపూ లేదు. పేపర్ రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఛీ."

"అయితే మేడమ్, ఆ రిసెప్టర్ ఎక్కువుందంటే ఇక ఆ మనిషికి అంతేనాండీ?"

"కాదు. ఆ మాట ఎక్కడా అనకండి. ఇది గుంపు సంగతి చెబుతుంది, మనిషి సంగతి చెప్పదు. రేపు ఇంకో గుంపులో ఇంకోలా తేలినా తేలొచ్చు. అలాంటివాడు ఒకడు దొరికాడని నేను సంబరపడ్డాను, అంతే."

"నేనూ అంతేనండీ," అన్నారు కుశలం గారు. తప్పు ఆయనదేనని ఆవిడ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

తారీఖు ఎక్కాక కంప్యూటర్ ఆ నంబరుని ఇక ముందుకు తేదు. దాని దృష్టిలో పని అయిపోయింది. కుశలం గారి దృష్టిలో కాలేదు. ఆ దుకాణం వంతు రావలసిన నెల దగ్గరపడుతున్నకొద్దీ ఆయన మరీ నిలకడ లేకుండా తయారయ్యారు. తమ్ముడు చెప్పాడా, చెప్పలేదా? చెబితే ఆవిడ ఏమైంది? చెప్పకపోతే ఈ నెలలో ఆవిడ ఆ ఫోన్ వంక చూస్తూ కూర్చుంటుంది కదా? గదిలో తిరుగుడు వరండాకి పాకింది, వరండా నుంచి మెట్లకి పాకింది. "గచ్చు అరిగిపోతోంది కుశలం గారూ," అని ల్యాబులో అమ్మాయిలు ఆటపట్టించేవారు. ఇంట్లో భార్య ఒకరోజు అలవాటు చొప్పున, "మీ గట్టి మనిషి ఎలా ఉన్నాడు?" అని అడిగింది. ఈయన జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆయన చెయ్యి ఎన్నోసార్లు ఆ నంబరు దాకా వెళ్లింది. అడగడం మొదలుపెడితే అబద్ధం, అడగకపోతే అది కూడా ఒక కబురే. ఆ నెల గడిచిపోయింది. ఆయన ఫోన్ చేయలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉండగా బల్ల మీద ఫోన్ మోగింది. అది మోగడం ఆయనకి కొత్త. ఆ గది నుంచి ఫోన్లు వెళ్లడమే గానీ రావడం ఉండదు. ఆయన్ని తిరిగి పలకరించాలని ఎవరికుంటుంది?

"బాబూ, నేను. చక్రాల అమ్మని."

కుశలం గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"చిన్నాడు జిప్పులు తేవడానికి బజారుకెళ్లాడు. తాళాల కొట్టు కోడలుపిల్లని పిలిచి నీ నంబరు వెతికించాను. ఈసారి నీ ఫోన్ రాలేదు."

"అమ్మా, ఏం తిన్నారమ్మా? ఒంట్లో ఎలా ఉంది?" అన్నారు ఆయన. నోటికి వచ్చిన మాట అది ఒక్కటే.

"నా తిండి సంగతి తర్వాత. వంతు దాటిపోయింది. చిన్నాణ్ణి అడిగితే మీ ఫోన్ పాడైందంటాడు, మాట మార్చేస్తాడు. నువ్వు ఆ రోజు కొట్లోంచి వెళ్లేటప్పుడు నోటితో చెప్పలేదు, తల ఊపావు. అప్పట్నుంచీ అదే గుర్తొస్తోంది నాకు." ఆవిడ ఆగింది. "సూటిగా అడుగుతున్నాను బాబూ. మా పెద్దాడు బతికే ఉన్నాడా?"

ఎన్నేళ్ల ఉద్యోగం! ఎన్ని ఇళ్లకి ఫోన్లు! ఆ ప్రశ్నని పక్కకు నెట్టి నెట్టి, తిండి కింద, నిద్ర కింద దాచి బతికిన మనిషి ఆయన. చివరికి అది ఆయన్నే వెతుక్కుంటూ వచ్చింది. గొంతు మారిపోతుందని డాక్టరమ్మ ఏనాడో అన్నది. మారింది. అవతల ఆవిడకి అది వినపడే ఉంటుంది.

"తాళాల కొట్టు అమ్మాయి మీ దగ్గరే ఉందామ్మా?"

"ఉంది. నా చెయ్యి పట్టుకునే ఉంది. చెప్పు."

కుశలం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"లేరమ్మా."

అవతల చక్రాల చప్పుడు లేదు, సుత్తి చప్పుడు లేదు. దూరంగా డిపోలో ఒక బస్సు హారన్ వినిపించింది. ఆయన ఫోన్ని రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఎప్పుడు?"

"మీరు గుండెనొప్పితో మంచం మీదున్నప్పుడమ్మా. అందుకే మీకు చెప్పలేకపోయారు. తర్వాత చెప్పడానికి మీ చిన్నబ్బాయికి ధైర్యం చాలలేదు. తెలియక నేనూ ఫోన్లు చేస్తూ వచ్చాను. నన్ను క్షమించండమ్మా." ఆయన కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "చివర్లో మిమ్మల్నే పిలవమన్నారట. అమ్మ బయల్దేరింది, వస్తోంది అని చెప్పారట. ఆ మాట నమ్మే వెళ్లిపోయారమ్మా."

కుశలం గారు లేవలేదు, కాలు కదపలేదు. అవతల తాళాల కొట్టు అమ్మాయి నీళ్లు తాగమని బతిమాలుతోంది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అయితే," అంది ఆవిడ చివరికి, "వాడు నా మీద అలగలేదన్నమాట."

"లేదమ్మా."

"ఇన్నేళ్లూ అలిగాడనుకున్నాను," అంది. ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది.